పెన్‌డ్రైవ్‌కు ఏ ఫార్మాట్ మంచిది? ఎక్కడ పెడతారో చెప్పండి, చెబుతాను

పోయిన వేసవిలో ఒక రాత్రి మా బావమరిది ఫోన్ చేశాడు. “బావా, నువ్విచ్చిన హార్డ్ డిస్క్ పెడితే ఫార్మాట్ చెయ్యమంటోంది. చేసెయ్యనా?” అన్నాడు. తింటున్న కంచం ముందు నుంచి లేచి, “ముట్టుకోకు, ముందు దాన్ని పీకెయ్” అని అరిచాను. అందులో మా ఇంటి పదేళ్ల ఫొటోలున్నాయి.

డిస్క్‌కు ఏ రోగమూ లేదు. నా లినక్స్ కంప్యూటర్‌కు తగిలించుకుని ఈఎక్స్‌టీ4 ఫార్మాట్‌లో వాడుకుంటున్నదాన్ని అలాగే చేతిలో పెట్టి పంపాను. వాళ్ల ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్. దానికి ఈఎక్స్‌టీ4 తెలియదు. తెలియనప్పుడు “ఇదేంటో నాకు తెలియదు” అని ఊరుకునే మర్యాద దానికి లేదు. “ఈ డ్రైవ్ వాడాలంటే ఫార్మాట్ చేయాలి” అంటుంది. తప్పు నాదే.

ఫార్మాట్ గురించి ఎవరడిగినా మొదటి ప్రశ్న “ఏది ఫాస్ట్?” అనే ఉంటుంది. మామూలు పెన్‌డ్రైవ్‌లో వేగం చాలావరకు లోపలి చిప్‌ను బట్టి, యూఎస్‌బీ పోర్టును బట్టి ఉంటుంది. ఫార్మాట్ మార్చి దాన్ని పరుగెత్తించలేం. ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి.

## ముందు ఈ నాలుగు తేల్చుకోండి

దాన్ని ఎక్కడెక్కడ పెడతారు? మీ ల్యాప్‌టాప్ ఒక్కటే కాదు, అమ్మావాళ్లింట్లో టీవీ, కారు స్టీరియో, జిరాక్స్ షాపులో కంప్యూటర్ కూడా లెక్కలోకి వస్తాయి. వాటిలో అన్నిటికంటే పాతది, తెలివి తక్కువది ఏదో చూడండి. ఎంపిక చేసేది అదే, మీరు కాదు.

చదివితే చాలా, రాయాలా? సినిమా చూడటానికైతే చదవగలిగితే చాలు. ఆఫీసు ఫైళ్లు అటూ ఇటూ తిప్పాలంటే రెండువైపులా రాయగలగాలి.

ఒక్క ఫైల్ 4 జీబీ దాటుతుందా? పెళ్లి వీడియో, సినిమా ఎడిటింగ్, విండోస్ ఇన్‌స్టాలేషన్ ఫైల్ అయితే దాటే అవకాశం ఎక్కువ.

కాపీ అవుతుండగా మధ్యలో పీకేసే అలవాటు ఉందా, కరెంటు పోయే ఊరా? అయితే జర్నల్ ఉన్న ఫార్మాట్ కావాలి. జర్నల్ అంటే ఏ మార్పు చేయబోతున్నదీ ముందే చిట్టాలో రాసుకోవడం. పని మధ్యలో ఆగిపోతే, మళ్లీ పెట్టినప్పుడు ఆ చిట్టా చూసి సర్దుకుంటుంది. చిట్టా లేని ఫార్మాట్‌లో ఒక్కోసారి ఫోల్డర్లు చెల్లాచెదురవుతాయి.

## కంప్యూటర్ ఏం చూసి గుర్తుపడుతుంది

ఇది తెలిస్తే మిగతా గందరగోళం సగం పోతుంది, అందుకే ఇక్కడ కాస్త నిలబడతాను.

ఫైల్ పేరు చివర ఎంపీ4 అనో పీడీఎఫ్ అనో తోక ఉంటుంది. డిస్క్‌కు అలాంటి తోక ఉండదు. దానికి బదులు ప్రతి ఫైల్ సిస్టమ్ (మనం ఫార్మాట్ అంటున్నది దీన్నే; ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్, ఈఎక్స్‌టీ4 లాంటివి) డిస్క్ మీద తనకంటూ నిర్ణయించుకున్న ఒక చోట కొన్ని బైట్ల ముద్ర వేసుకుంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఆ చోట్లకు వెళ్లి ముద్ర ఉందా లేదా అని చూస్తుంది.

అంతకంటే ముందు పార్టిషన్ టేబుల్ ఉంటుంది, అంటే డిస్క్‌ను ఏయే భాగాలుగా (పార్టిషన్లుగా) విడగొట్టారో చెప్పే పట్టిక. పాత పద్ధతిలో, అంటే ఎంబీఆర్‌లో, ప్రతి పార్టిషన్‌కు ఒక బైట్ రకం చెబుతుంది. 83 అంటే లినక్స్, 0సీ అంటే ఫ్యాట్32. 07 అంటే? ఎన్‌టీఎఫ్‌ఎస్ కావచ్చు, ఎక్స్‌ఫ్యాట్ కూడా కావచ్చు. గేటు మీద ఒకే ఇంటిపేరు, లోపల రెండు కాపురాలు. కాబట్టి ఈ బైట్‌ను నమ్ముకుని ఆగిపోతే కుదరదు, లోపలికి వెళ్లి చూడాల్సిందే.

కొత్త పద్ధతి జీపీటీలో బైట్ బదులు పొడవాటి గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఒకప్పుడు లినక్స్‌లోని పార్టిషన్ సాధనాలు తమ పార్టిషన్లకు కూడా విండోస్ డేటా పార్టిషన్ సంఖ్యనే వేసేవి. విండోస్ దాన్ని చూసి “ఇది నాదే” అనుకుని తెరిచేది, లోపల అర్థం కాక ఫార్మాట్ చేయమనేది. ఆ గొడవ పడలేకే తర్వాత లినక్స్‌కు సొంత సంఖ్య పెట్టుకున్నారు.

ఇక అసలు ముద్రలు. ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్‌లో మొదటి మూడు బైట్లు దాటగానే దాని పేరు అక్షరాలుగానే ఉంటుంది. ఎక్స్‌ఫ్యాట్ కూడా సరిగ్గా అక్కడే తన పేరు రాసుకుంటుంది. లినక్స్ ఈఎక్స్‌టీ కుటుంబం మొదటి 1024 బైట్లను వదిలేసి, తర్వాత సూపర్‌బ్లాక్ అనే చోట ఈఎఫ్53 అనే సంఖ్యను పెడుతుంది. ఈఎక్స్‌టీ2, 3, 4 మూడింటికీ ఇదే ముద్ర. ఏది ఏదో తేల్చాలంటే పక్కనున్న ఫీచర్ల జాబితా చూడాలి. జర్నల్ ఉందంటే 2 కాదు, ఎక్స్‌టెంట్లు (పక్కపక్కనున్న బ్లాకులను ఒకే వరుసగా రాసుకునే పద్ధతి) కూడా ఉన్నాయంటే 4.

వీటన్నిటిలో నాకు ఇష్టమైనది ఫ్యాట్ తంతు. బూట్ సెక్టర్‌లో, అంటే పార్టిషన్ మొట్టమొదటి ముక్కలో, ఫ్యాట్32 అని పేరు రాసి ఉంటుంది. కానీ ఆ పేరు చూసి రకం తేల్చొద్దని మైక్రోసాఫ్ట్ స్పెసిఫికేషనే చెబుతుంది. మరి దేన్ని నమ్మాలి? క్లస్టర్లు, అంటే ఫైళ్లకు చోటు పంచే గడులు, లెక్కపెట్టమంటుంది. 4,085 కంటే తక్కువైతే ఫ్యాట్12, 65,525 కంటే తక్కువైతే ఫ్యాట్16, ఆపైన అయితే ఫ్యాట్32. బోర్డు చదవకు, ఇంట్లో గదులు లెక్కపెట్టు అన్నట్టు.

ఎక్స్‌ఫ్యాట్ తయారుచేసినవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకున్నారు. పాత ఫ్యాట్ వివరాలు రాసుకునే చోట 53 బైట్లను కావాలనే సున్నాలతో నింపారు. ఎక్స్‌ఫ్యాట్ తెలియని పాత పరికరం దీన్ని ఫ్యాట్ అనుకుని తెరిచి, రాసి, పాడుచేయకుండా ఉండటానికి.

ఈ ముద్రలు చదివే పని ఒక్కో చోట ఒక్కోలా జరుగుతుంది. విండోస్ తన దగ్గరున్న ఫైల్ సిస్టమ్ డ్రైవర్లను (ఒక్కో ఫార్మాట్‌ను చదివే ప్రోగ్రామ్‌లను) వరుసగా “ఇది నీదేనా?” అని అడుగుతుంది. అందరూ కాదంటే చివర్లో ‘రా’ (ఇంగ్లీషులో RAW) అనే ముద్ర వేసి వదిలేస్తుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ‘రా’ అని కనిపించేది ఇదే. లినక్స్‌లో ముద్రలు వెతికే పని కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) బయట బీఎల్‌కేఐడీ అనే లైబ్రరీ చేస్తుంది, రకం తేలాక మౌంట్ చేయమని, అంటే తెరిచి వాడకానికి ఇవ్వమని, కెర్నల్‌కు చెబుతారు. మ్యాక్‌లో ఒక్కో ఫైల్ సిస్టమ్‌కు ఒక్కో చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది, వాటిని వరుసగా నడిపి చూస్తుంది.

గుర్తుపట్టినంత మాత్రాన తెరవగలదని కాదు, తెరిచినంత మాత్రాన రాయగలదనీ కాదు. మ్యాక్ డిస్క్‌ను లినక్స్‌కు తగిలిస్తే బీఎల్‌కేఐడీ “ఇది ఏపీఎఫ్‌ఎస్” అని ఠక్కున చెప్పేస్తుంది. కానీ అధికారిక కెర్నల్‌లో దానికి డ్రైవరే లేదు. పేరు తెలిసి ఏం లాభం? ఫార్మాట్ల మధ్య పోలికంతా ఈ మూడు మెట్ల మీదే నడుస్తుంది.

## ఒక్క చూపులో

| ఫార్మాట్ | విండోస్ | మ్యాక్ | లినక్స్ | పాత టీవీ, కారు స్టీరియో | ఒక ఫైల్ ఎంతవరకు | జర్నల్ |
|---|---|---|---|---|---|---|
| ఫ్యాట్32 | చదువు, రాత | చదువు, రాత | చదువు, రాత | దాదాపు అన్నీ | 4 జీబీకి ఒక బైట్ తక్కువ | లేదు |
| ఎక్స్‌ఫ్యాట్ | చదువు, రాత | చదువు, రాత | చదువు, రాత | కొన్నే | ఇంటి వాడకంలో హద్దు తగలదు | లేదు |
| ఎన్‌టీఎఫ్‌ఎస్ | చదువు, రాత | చదువు మాత్రమే | చదువు, రాత | కొన్నే | ఇంటి వాడకంలో హద్దు తగలదు | ఉంది |
| ఈఎక్స్‌టీ4 | నేరుగా లేదు | లేదు | చదువు, రాత | అరుదు | సాధారణంగా 16 టీబీ | ఉంది |
| ఏపీఎఫ్‌ఎస్ | లేదు | చదువు, రాత | నేరుగా లేదు | లేదు | ఇంటి వాడకంలో హద్దు తగలదు | వేరే పద్ధతిలో రక్షణ |

పట్టికలో రాసింది అదనపు సాఫ్ట్‌వేర్ ఏమీ వేయకుండా జరిగేది. డబ్బులు పెట్టి కొనే డ్రైవర్లతో కొన్ని గడులు మారతాయి. కానీ అవి మీ కంప్యూటర్‌లో ఉంటాయి, పక్కింటివాళ్ల కంప్యూటర్‌లో ఉండవు.

## ఫ్యాట్32: అందరూ ఎరిగిన ముసలాయన

1996లో విండోస్ 95 రెండో విడుదలతో వచ్చింది. ఇప్పటికీ దీనంత పరిచయాలున్న ఫార్మాట్ మరొకటి లేదు. కారు స్టీరియో, పాత టీవీ, ప్రింటర్, కీబోర్డు వాద్యం, ఏదైనా సరే ముందు నేర్చుకునేది ఇదే. కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్‌కు కూడా ప్రామాణికంగా తెలిసింది ఫ్యాట్ కుటుంబమే. బూటబుల్ పెన్‌డ్రైవ్‌లు (కంప్యూటర్‌ను నేరుగా లేపగలిగేవి) ఎక్కువగా ఫ్యాట్32లో ఉండటానికి కారణం అదే.

దెబ్బ ఫైల్ సైజు దగ్గర తగులుతుంది. ఫైల్ ఎంతుందో రాసుకునే గడి 32 బిట్లే కాబట్టి 4 జీబీకి ఒక్క బైట్ తక్కువ దగ్గర ఆగిపోతుంది. 64 జీబీ పెన్‌డ్రైవ్ ఖాళీగా ఉన్నా 5 జీబీ వీడియో ఎక్కదు, “ఫైల్ మరీ పెద్దది” అంటుంది. చాలామంది పెన్‌డ్రైవ్ నకిలీది అనుకుని షాపువాడితో గొడవకు దిగేది ఇక్కడే.

విండోస్‌లో 32 జీబీ కంటే పెద్ద డ్రైవ్‌ను ఫార్మాట్ చేయబోతే జాబితాలో ఫ్యాట్32 కనిపించకపోవడం ఇంకో చికాకు. అది ఫ్యాట్32 పరిమితి కాదు. మామూలు సెక్టర్లతో అది 2 టీబీ వరకు వెళ్తుంది. ఆ ఫార్మాట్ విండో రాసిన మాజీ మైక్రోసాఫ్ట్ ఇంజనీర్ డేవ్ ప్లమర్, 1994లో తాత్కాలికంగా పెట్టిన హద్దు అలాగే ఉండిపోయిందని తర్వాత బయటపెట్టారు. మన దగ్గర ‘తాత్కాలిక’ షెడ్లు ముప్పై ఏళ్లు నిలిచినట్టే ఇదీ నిలిచింది. కమాండ్ లైన్‌లో 2 టీబీ వరకు అనుమతిస్తామని మైక్రోసాఫ్ట్ 2024లో ప్రకటించింది.

పాటలు, పత్రాలు, పాత పరికరాలు అయితే కళ్లు మూసుకుని ఇదే పెట్టుకోండి. బ్యాకప్‌కు మాత్రం వద్దు.

## ఎక్స్‌ఫ్యాట్: చాలామందికి సరిపోయేది

4 జీబీ గోడను తీసేసి, ఫ్లాష్ డ్రైవ్‌ల కోసమే మైక్రోసాఫ్ట్ 2006లో తెచ్చింది. చాలాకాలం లైసెన్సు గొడవల వల్ల లినక్స్‌లో దీనికి నేరుగా చోటు దొరకలేదు. 2019లో మైక్రోసాఫ్ట్ స్పెసిఫికేషన్‌ను బయటపెట్టాక కెర్నల్ 5.4లో మొదటి డ్రైవర్ వచ్చింది, 2020లో 5.7తో శామ్‌సంగ్ రాసిన మెరుగైన డ్రైవర్ దాని స్థానంలోకి వచ్చింది. కెమెరాల్లో వాడే 32 జీబీ దాటిన ఎస్‌డీ కార్డులకు ప్రామాణిక ఫార్మాట్ కూడా ఇదే.

ఇంట్లో ఒకరికి మ్యాక్, ఒకరికి విండోస్ ఉంటే వేరే ఆలోచనే అక్కర్లేదు.

లోపాలు రెండు. జర్నల్ లేదు. కాపీ అవుతుండగా పీకితే నష్టం ఆ ఫైల్‌తో ఆగకపోవచ్చు. కాబట్టి ‘ఎజెక్ట్’ నొక్కడం బద్ధకించకండి. రెండోది చిన్న ఫైళ్లు. 32 జీబీ దాటిన డ్రైవ్‌లకు విండోస్ ఇచ్చే క్లస్టర్ సైజు 128 కేబీ. అంటే 2 కేబీ ఫైల్ కూడా 128 కేబీ చోటు ఆక్రమిస్తుంది. అలాంటివి పదివేలుంటే అసలు డేటా 20 ఎంబీ, పోయే చోటు 1.2 జీబీ పైన. వీడియోలు దాచుకునేవాళ్లకు ఇది పట్టదు. ప్రాజెక్టు కోడ్ ఫోల్డర్లు కాపీ చేసే ఇంజనీరింగ్ విద్యార్థులకు తెలుస్తుంది ఆ బాధ. ఫోల్డర్‌ను జిప్ చేసి పెడితే సరిపోతుంది, లేదంటే ఫార్మాట్ చేసేటప్పుడే చిన్న క్లస్టర్ సైజు ఎంచుకోవచ్చు.

## ఎన్‌టీఎఫ్‌ఎస్: విండోస్ ఇంట్లోనే ఉండే డిస్క్‌కు

1993లో విండోస్ ఎన్‌టీతో పుట్టింది. జర్నల్ ఉంది, ఫైల్ అనుమతులు ఉన్నాయి, బూట్ సెక్టర్ నకలు ఒకటి పార్టిషన్ చివర్లో దాచుకుంటుంది కూడా. మొదట్లోని ముద్ర చెడిపోయి ‘రా’ అని కనిపించిన డిస్క్‌ను ఆ నకలుతో బతికించిన సందర్భాలు ఎన్నో. జర్నల్ కాపాడేది ఫోల్డర్ల అమరికను, మీరు సగం కాపీ చేసిన సినిమాను కాదు. అది గుర్తుంచుకోండి.

మ్యాక్ దీన్ని చదువుతుంది, రాయనివ్వదు. ఫైళ్లన్నీ కనిపిస్తాయి, కొత్తది వేయబోతే కుదరదు. “నా డిస్క్ లాక్ అయింది” అని మ్యాక్ వాళ్లు కంగారు పడేది సాధారణంగా ఇందుకే.

లినక్స్‌లో పరిస్థితి మెరుగు. 2021లో కెర్నల్ 5.15 నుంచి రాయగలిగే డ్రైవర్ లోపలే ఉంది. ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ వేసుకున్నవాళ్లకు మాత్రం ఒక మెలిక ఉంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా అది పూర్తిగా పడుకోదు, సగం నిద్రలో ఉంటుంది. అప్పుడు లినక్స్ ఆ పార్టిషన్‌లో రాయడానికి ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడమే మీ మంచికి. ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి, బలవంతంగా మౌంట్ చేయకండి.

## ఈఎక్స్‌టీ4: లినక్స్ వాళ్లు, తెలుగు పేర్ల లెక్క

2008 చివర్లో కెర్నల్ 2.6.28తో స్థిరపడింది. సర్వర్లలో, ఇంటి లినక్స్ మెషీన్లలో ఏళ్ల తరబడి నమ్మకంగా నడుస్తోంది. లినక్స్ నుంచి లినక్స్‌కే తిరిగే డిస్క్ అయితే ఇంకేమీ చూడనక్కర్లేదు. విండోస్ 11లో డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే సదుపాయం) ద్వారా డిస్క్‌ను తెరిచే దారి ఉంది గానీ, దాన్ని బావమరిదికి ఫోన్‌లో వివరించడం నా వల్ల కాలేదు.

ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టేవాళ్లకు ఒక సంగతి. ఈఎక్స్‌టీ4లో పేరు హద్దు 255 బైట్లు. ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్‌లలో అది 255 యూనికోడ్ యూనిట్లు, తెలుగు గుర్తు ఒక్కోదానికి ఒక యూనిట్. ఇంగ్లీషులో తేడా తెలియదు. లినక్స్ పేర్లు రాసుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు. ‘శ్రీ’ అని రాస్తే శ, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి 12 బైట్లు. అంటే ఈఎక్స్‌టీ4లో పేరు 85 గుర్తులకే నిండిపోతుంది. విండోస్‌లో “శ్రీ వేంకటేశ్వర కల్యాణం…” అంటూ ఊరు, తేదీ, ఫొటోగ్రాఫర్ అన్నీ కలిపి పెట్టిన పొడవాటి పేర్లు ఇటు కాపీ చేస్తే “పేరు మరీ పొడవు” అని ఆగిపోవడానికి కారణం ఇదే.

## ఏపీఎఫ్‌ఎస్

2017 నుంచి మ్యాక్‌ల సొంత ఫార్మాట్. మ్యాక్‌కే అంకితమైన డిస్క్ అయితే, ముఖ్యంగా టైమ్ మెషీన్ (మ్యాక్ సొంత బ్యాకప్ సాధనం) బ్యాకప్ అయితే ఇదే వాడండి. గుమ్మం దాటే డిస్క్‌కు వద్దు.

## ఇంతకీ మీకేది?

పెళ్లి వీడియోలు ఇచ్చే ఫొటోగ్రాఫర్ అయితే నిజంగా ఇరకాటమే. ఎక్స్‌ఫ్యాట్‌లో ఇస్తే పెద్ద ఫైల్ ఒక్కటిగా ఉంటుంది, కానీ పెళ్లికూతురి అమ్మమ్మ గారింట్లో టీవీ దాన్ని చూడకపోవచ్చు. ఫ్యాట్32లో ఇస్తే టీవీ చూస్తుంది, కానీ వీడియోను 4 జీబీ లోపు ముక్కలు చేయాలి. నేనైతే ముక్కలే చేస్తాను. స్నాతకం, ముహూర్తం, తలంబ్రాలు, అప్పగింతలు అని ఎలాగూ విడగొట్టి చూస్తారు కదా. ఎడిటింగ్‌కు పనికొచ్చే అసలు కాపీని మాత్రం వేరే డిస్క్‌లో ఎక్స్‌ఫ్యాట్‌లో ఇవ్వండి.

విండోస్ ఒక్కటే వాడే ఇంట్లో ఫొటోల బ్యాకప్‌కు ఎన్‌టీఎఫ్‌ఎస్. అందులో సందేహం లేదు. కాలేజీ విద్యార్థి జేబులో తిరిగే పెన్‌డ్రైవ్‌కు ఎక్స్‌ఫ్యాట్. కారులో పాటలకు ఫ్యాట్32. పెన్‌డ్రైవ్ 64 జీబీది అయినా సరే, ఏదో ఒక సాధనంతో ఫ్యాట్32 చేసుకోండి.

విండోస్ ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్ ఒక ప్రత్యేక కేసు. ఫర్మ్‌వేర్‌కు ఫ్యాట్32 కావాలి, లోపలి ముఖ్య ఫైల్ 4 జీబీ దాటుతుంది. అందుకే రూఫస్ లాంటి సాధనాలు పెద్ద భాగం ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పెట్టి, పక్కన చిన్న ఫ్యాట్ పార్టిషన్ ఒకటి తగిలిస్తాయి. చేతితో కుస్తీ పట్టడం కంటే ఆ దారే హాయి.

## ‘ఫార్మాట్ చేయాలి’ అని అడిగితే

‘క్యాన్సిల్’ నొక్కండి. మ్యాక్‌లో అయితే ‘ఇగ్నోర్’ నొక్కండి, ‘ఇనిషియలైజ్’ జోలికి పోకండి. ఆ డిస్క్ ఇంతకుముందు ఏ పరికరంలో ఉండేదో కనుక్కుని, అక్కడే పెట్టి చూడండి. అక్కడ తెరుచుకుంటే డిస్క్ క్షేమం, భాష కలవలేదంతే. సీసీటీవీ రికార్డర్‌లోంచి తీసిన డిస్క్‌లతో మరీ జాగ్రత్త. చాలా రికార్డర్లు తమ సొంత పద్ధతిలో రాసుకుంటాయి, ఏ కంప్యూటర్‌కు పెట్టినా ఖాళీ డిస్క్‌లాగే కనిపిస్తుంది. దొంగతనం రికార్డింగ్ ఉన్న డిస్క్‌ను ‘ఖాళీగా ఉంది’ అని ఫార్మాట్ చేస్తే ఇంకేముంది?

పాత చోట కూడా తెరుచుకోకపోతే, లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్‌ను నడిపేది) కంప్యూటర్‌ను లేపి, డిస్క్ రకం ఏమని చెబుతోందో చూడండి. ఏదో ఒక పేరు చెప్పిందంటే ముద్ర ఇంకా ఉన్నట్టు. ఏమీ చెప్పకపోయినా డేటా పోయిందని కాదు. మరమ్మతుకు దిగేముందు డిస్క్ మొత్తానికి నకలు తీసుకోండి, ప్రయోగాలన్నీ ఆ నకలు మీద చేయండి.

మా బావమరిదికి తర్వాత ఎక్స్‌ఫ్యాట్ డిస్క్ ఒకటి కొని ఫొటోలన్నీ ఎక్కించి ఇచ్చాను. నా పాత డిస్క్ మీద తెల్లకాగితం అంటించి పెన్నుతో రాశాను: “లినక్స్‌ది. ఫార్మాట్ అడిగితే క్యాన్సిల్ కొట్టి నాకు ఫోన్ చెయ్యి.”